బడ్జెట్ రోజున కాదమ్మా, సంక్రాంతికి ముందే

చిత్తూరు

చి.ల.సౌ. లలితకు,

పెదనాయన ఆశీస్సులు. రాష్ట్ర బడ్జెట్ పెట్టే రోజున మీ భవిత కేంద్రం (వైకల్యం ఉన్న పిల్లలకి చదువూ థెరపీ ఇచ్చే చోటు) పిల్లల తల్లిదండ్రులంతా కలిసి తిరుపతి కలెక్టరాఫీసు ముందు కూర్చోబోతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కూర్చోండి, నేను వద్దనను. కానీ ట్రెజరీలో పని చేసి రిటైరైనవాణ్ణి కదా, చెప్పకుండా ఉండలేను. మీరు కూర్చునే రోజుకి పుస్తకాలు అచ్చయిపోయి ఉంటాయి. మన పద్దు కింద ఎంత రాసి ఉంటే అంతే. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం శాసనసభ ఒక పద్దును ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, తగ్గించవచ్చు. పెంచే అధికారం మాత్రం దానికి లేదు. మన ఎమ్మెల్యే సభలో గొంతు చించుకున్నా, ప్రభుత్వం తనంతట తాను సప్లిమెంటరీ, అంటే అదనపు పద్దు, తెస్తే తప్ప ఒక్క రూపాయి పెరగదు. శాఖలు తమకెంత కావాలో రాసి ఆర్థిక శాఖకు పంపేది అంతకు ముందు. అందుకే సంక్రాంతికి ముందే మీ కాగితం వాళ్ళ బల్ల మీద ఉండాలి.

ఇంకో సంగతి. మన పిల్లల డబ్బుకి కోత వేస్తున్నామని ఎవరూ సభలో లేచి చెప్పరు. అంత మొరటుగా ఏదీ జరగదు. ఏప్రిల్లో కేటాయింపు ఘనంగానే ఉంటుంది. తరవాత రిలీజ్ ఆర్డర్ ఆలస్యమవుతుంది, వచ్చినా సగానికే వస్తుంది. ఫిజియోథెరపీ బిల్లు పెడితే సి.ఎఫ్.ఎం.ఎస్.లో, అంటే ప్రభుత్వం బిల్లులు చెల్లించే కంప్యూటర్లో, పెండింగ్ అంటారు. డిసెంబరు నాటికి ఖర్చు తక్కువ కనబడుతుంది. ‘ఇచ్చిందే వాడుకోలేదు, ఇంకా ఎందుకు?’ అని సవరించిన అంచనాలో నరికేస్తారు. పై ఏడు బేరం ఆ నరికిన అంకె దగ్గర మొదలవుతుంది. ఖర్చు కాకపోవడానికి కారణం ఎవరని అడిగేవాడు ఉండడు. ఆ అడిగేవాళ్ళు మీరు కావాలి. అది కూడా నవంబరులోనే.

ఆర్థిక శాఖ వెబ్‌సైట్లో బడ్జెట్ పుస్తకాలన్నీ ఉంటాయి. చూసి భయపడొద్దు. 2235 అని వెతుకు, అది సామాజిక భద్రత, సంక్షేమం. దాని కింద 02, దాని కింద 101, అది వికలాంగుల సంక్షేమం. ఆ వరస మీద వేలు పెట్టి అడ్డంగా జరుపు. నాలుగు గళ్ళు కనబడతాయి. మొదటిది గతించిన సంవత్సరం అసలు ఖర్చు, రెండోది నడుస్తున్న సంవత్సరం అంచనా, మూడోది అదే సంవత్సరానికి సవరించిన అంచనా, నాలుగోది రాబోయే సంవత్సరం అంచనా. పేపర్లో వచ్చేది నాలుగోది, చప్పట్లు పడేదీ దానికే. నువ్వు రెండో గడికీ మూడో గడికీ తేడా ఎంతో చూడు. దొంగ అక్కడ దొరుకుతాడు.

అయితే మన డబ్బంతా ఆ ఒక్క వరసలో ఉండదు. పింఛన్లు వేరే చోట ఉంటాయి. మీ భవిత కేంద్రం, అక్కడ ఈ పిల్లలకి చెప్పే ఐ.ఇ.ఆర్.టి. టీచర్లు సమగ్ర శిక్ష పథకం కిందికి వస్తారు. అది పాఠశాల విద్యాశాఖ పద్దు. అందులో కేంద్ర ప్రభుత్వం 60 వేస్తే రాష్ట్రం 40 వెయ్యాలి. రాష్ట్ర వాటా జమ కాకపోయినా, ఇచ్చింది ఖర్చయిందని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ వెళ్ళకపోయినా తరవాతి విడత ఆగిపోతుంది. ఈ ఆగిపోవడాల గురించే మీకు కావలసిన కాగితాలు. సమాచార హక్కు చట్టం కింద జిల్లా ఆఫీసులో పది రూపాయలు కట్టి అడుగు. తెల్లకార్డు వాళ్ళ పేరుతో పెడితే అదీ అక్కర్లేదు. ‘నిధుల వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ఏదో ఒక సర్క్యులర్ జిరాక్సు చేతిలో పెడతారు. ‘ఫలానా సంవత్సరంలో ఈ పద్దు కింద వచ్చిందెంత, ఏ తేదీన వచ్చింది, ఖర్చయిందెంత, పెండింగు బిల్లులెన్ని’ అని విడదీసి అడుగు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అందుకే ఇప్పుడే పెట్టమంటున్నాను.

పాత లెక్కలతో పోల్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయింది. అంతకు ముందున్న అంకెలు ఉమ్మడి చిత్తూరువి. పైగా మీ జిల్లాలో నెల్లూరు వైపు మండలాలు కూడా కలిశాయి. ‘నిధులు సగమైపోయాయి’ అని ఆవేశంగా చదివితే, ‘జిల్లానే విడిపోయింది కదమ్మా’ అని ఒక గుమాస్తా నవ్వితే చాలు, మీ మాటకి విలువ పోతుంది. 2022 తరవాతి సంవత్సరాలే పోల్చండి, లేదంటే మొత్తం రాష్ట్రానిది తీసుకోండి.

మీకు ఎదురయ్యే జవాబులు రెండు. మొదటిది పింఛను. ‘2024 జులై నుంచి మూడు వేలను ఆరు వేలు చేశాం, ఇంకేం కావాలి?’ అంటారు. కాదనొద్దు. కేంద్రం తన వంతుగా ఇచ్చేది 300, అదీ 80 శాతం వైకల్యం ఉన్న పేదలకే. కాబట్టి మిగతా భారమంతా రాష్ట్రానిదే, అది నిజం. ముందు దండం పెట్టి, తరవాత చెప్పండి: ఆరు వేలతో ఇంట్లో బియ్యం, మందులు వస్తాయి గానీ మాట నేర్పే టీచరు రాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పింఛను లాంటి సాయం ఇతరులకన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలన్నది 24వ సెక్షను. 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు అన్నది 31వ సెక్షను. ఒకటి ఇచ్చి రెండోదానికి చెల్లు చెప్పే వీల్లేదు. ఇంతకన్నా వాదన అక్కర్లేదు.

రెండో జవాబు మన ఊళ్ళోనే వినబడుతుంది. ‘ఎముకల వైద్యానికి బర్డ్ ఆస్పత్రి ఉంది, బధిర పాఠశాల ఉంది, టీటీడీ చూసుకుంటోంది కదా!’ స్వామి దయ వల్ల అవి ఉన్నాయి, వాటి వల్ల నడక నేర్చినవాళ్ళు మన బంధువుల్లోనే ఉన్నారు. అయినా హుండీ డబ్బు దేవస్థానం చేసే ధర్మం. ప్రభుత్వం చెయ్యాల్సింది చట్టం రాసిపెట్టిన బాధ్యత. ఈ మాట ఎవరైనా అంటే నొచ్చుకోకుండా, సత్యవేడు మండలంలో పిల్లవాణ్ణి చంకనెత్తుకుని రెండు బస్సులు మారి వచ్చే తల్లి సంగతి అడుగు.

ఎమ్మెల్యే దగ్గరికి పొద్దున్నే ఇంటికి వెళ్ళండి, గుంపుగా కాదు, నలుగురు చాలు. వినతిపత్రం ఒకే పేజీ. పి.ఏ. చదివేది పైన ఐదు వరసలే, కాబట్టి అడిగేది పైనే ఉండాలి: ఏ పద్దు, ఎంత, ఎందుకు. కింద ఒక్క బిడ్డ కథ, ఉన్నదున్నట్టు. వారానికి ఎన్ని గంటల థెరపీ కావాలి, ఎన్ని దొరుకుతున్నాయి, అంతే. సభలో అడగడానికి ప్రశ్న కూడా మీరే రాసిచ్చేయండి. రాసిచ్చిందే అడుగుతారు, అనుభవంతో చెప్తున్నాను. అధికార పక్షమా, ప్రతిపక్షమా అని చూడొద్దు, ఇద్దరికీ ఇవ్వండి. ఎమ్మెల్సీలను మర్చిపోతారు అందరూ. వాళ్ళకి తీరిక ఎక్కువ, వింటారు.

చూపు లేనివాళ్ళ సంఘం, చెవిటివాళ్ళ సంఘం, మీరు, ఎవరికి వారు వేరే వేరే కాగితాలు ఇస్తే ఆర్థిక శాఖకి అంతకన్నా హాయి లేదు. 1995 చట్టంలో వైకల్యాలు ఏడు, 2016 నాటికి 21 అయ్యాయి. పంచుకునేవాళ్ళు పెరిగారు. కనీసం పై ఐదు వరసలు అందరివీ ఒకటే ఉండేలా మాట్లాడుకోండి. కష్టమే, సంఘాల్లో పెద్దరికాలు నాకు తెలియనివి కావు.

పద్దు తగ్గకపోయినా పింఛనుదార్ల జాబితా తగ్గొచ్చు. 2025లో సదరం సర్టిఫికెట్లు, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పేవి, మళ్ళీ పరీక్షించి నోటీసులు ఇచ్చినప్పుడు ఎంత టెన్షన్ పడ్డారో చూశాం. ప్రతి ఇంటివాళ్ళూ సర్టిఫికెట్, పాత రిపోర్టులు, వికలాంగుల గుర్తింపు యూ.డి.ఐ.డి. కార్డు రెండేసి జిరాక్సులు పెట్టుకోమని చెప్పు.

ధర్నా రోజున మాత్రం పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టకండి. ఫోటో బాగా వస్తుందని ఎవరో ఒకరు అంటారు, వినొద్దు.

సమాచార హక్కు దరఖాస్తు రాసి నాకు వాట్సాప్‌లో పంపు, దిద్ది పంపుతాను. బడ్జెట్ పుస్తకం అర్థం కాకపోతే ఒక ఆదివారం బాబుని తీసుకుని చిత్తూరు రా. మీ పెద్దమ్మ రాగి సంగటి చేస్తానంటోంది, వాడికి అదంటే ఇష్టమట కదా.

ఇట్లు
మీ పెదనాయన