ఎండాకాలం పిల్లి ఆట మానదు, వేళ మార్చుకుంటుంది

“చలికాలమంతా ఇల్లు పీకి పందిరేసిన పిల్లి, ఏప్రిల్ రాగానే పడుకున్నచోటు నుంచి లేవట్లేదు. కాలం మారడం వల్లనా, జబ్బా?” అని మీరు అడిగారు. తింటూ, నీళ్లు తాగుతూ, విసర్జన మామూలుగా ఉంటే చాలావరకు జబ్బు కాదు. పదకొండేళ్లుగా పిల్లిని పెంచుతున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నా.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షా. బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయి పనికని మంచిర్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా పిల్లికి మనీ అని పేరు పెట్టింది పక్కింటి మరాఠీ పిల్లలు. వాళ్లు పిల్లిని ముద్దుగా అలాగే పిలుస్తారు. ఇక్కడ మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. మనం రోహిణి కార్తె అంటాం, ఇక్కడివాళ్లు నౌతపా అంటారు.

మనీకి రెండో ఏడు ఆ రోజుల్లోనే మేమంతా టెన్షన్ పడ్డాం. రంజన్ (మంచినీళ్ల మట్టికుండ) కింద తడిసిన బండ మీద పొట్ట ఆనించి, నాలుగు కాళ్లూ చాపి పొద్దంతా పడుకునేది. దారానికి కోడి ఈక కట్టి ముందు ఆడిస్తే ఒక చెవి మాత్రం కదిలించేది. “జ్వరమేమో, సగం గోళీ వెయ్యి” అంది పక్కింటావిడ. దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు. మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం, కొంచెమైనా ప్రాణం తీస్తుంది. నేను ఆ గోళీ వేయలేదు కానీ, ఒక మందుల షాపులో బలానికని అంటగట్టిన టానిక్ పట్టించాను. నోట్లో నురగ కక్కి సజ్జ మీదికెక్కి, రెండు రోజులు నా దగ్గరికి రాలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. పిల్లి ఎంత బరువుందో కూడా అడక్కుండా మందు ఎలా అమ్ముతారు?

అప్పుడు నైట్ షిఫ్ట్ నుంచి వచ్చిన బాపు అన్నాడు: “దీనికేమైందే? నేనొచ్చేసరికి రోజూ గల్మ (గడప) కాడ నా చెప్పుల మీదికి దుంకుతది.”

మర్నాడు నాలుగున్నరకే లేచాను. కొత్త చింతపండు కొట్టిన రోజులు, గింజ ఒకటి మంచం కింద మిగిలినట్టుంది. మనీ దాన్ని పంజాతో ఒక్క దెబ్బ కొడుతోంది, బండల మీద అది సర్రున జారి గోడకు తగులుతోంది, వెనకాలే ఇదీ జారుకుంటూ పోయి గోడకు గుద్దుకుంటోంది. మళ్లీ నోట కరుచుకొచ్చి నడుమ పడేసి, పిర్రలు ఆడించి దూకడం. అరగంట సాగింది ఆ ఆట. రోజూ ఇదే జరుగుతుంటే, తలుపు వేసుకుని కూలర్ హోరులో పడుకున్న మాకు వినపడలేదంతే.

పిల్లి సహజంగానే తెల్లవారుజామున, మునిమాపున వేటాడే జంతువు. దానికి చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే. మిగతా చల్లదనం ఒళ్లు నాకుకుని తెచ్చుకోవాలి. అలాంటిది మిట్టమధ్యాహ్నం గెంతితే ఒళ్లు ఇంకా కాగుతుంది. అందుకే కదలకుండా పడుకుంటుంది. తిండి కాస్త తగ్గినా కంగారొద్దు. 2014లో లివర్‌పూల్ యూనివర్సిటీ వాళ్లు ఫ్రాన్స్‌లో 38 పిల్లుల్ని నాలుగేళ్ల పాటు గమనించిన లెక్కలు బయటపెట్టారు. చలికాలం కంటే వేసవిలో అవి 15 శాతం దాకా తక్కువ తిన్నాయి. “తింటలేదు” అని నోట్లో కుక్కేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చల్లగా ఉంటుందని బొచ్చు గొరిగించేవాళ్లను చూసినా అంతే. ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడేది ఆ బొచ్చే.

మృగశిర చినుకులు పడి ఉసిళ్లు లేచాయంటే మనీ రాత్రంతా ట్యూబ్‌లైటు కిందే. చలికాలం డాబా మీద ఎండ కాచుకుని, ఒళ్లు వెచ్చబడ్డాకే ఆట. రోజులు పొడవయ్యేటప్పుడు ఆడపిల్లి నేల మీద దొర్లుతూ అరుస్తుంటే ఆటనుకోకండి, ఎదకొచ్చింది. ఆపరేషన్ చేయించండి.

నోరు తెరిచి కుక్కలా రొప్పినా, చొంగ కార్చినా, తూలినా అది వడదెబ్బ కావచ్చు. పాదాలకు, చెవులకు తడిగుడ్డ అద్దుతూ వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మీ పిల్లికి అవేవీ లేకపోతే రేపు నాలుగున్నరకు లేచి, కూలర్ ఆపి, ఒక చింతగింజ నేల మీదికి విసిరి చూడండి.