అత్తగారూ నేనూ వేరువేరు గదుల్లో ఏడుస్తున్నాం

ప్రశ్న: మాది మల్కాజిగిరి. నా వయసు 44. ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా వారు గత ఫిబ్రవరిలో గుండెపోటు వచ్చి, తొమ్మిది రోజులు ఐసీయూలో ఉండి, ప్రభువు నందు నిద్రించారు. ఆ తొమ్మిది రోజులూ సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేసింది. ఇప్పుడు కొందరు ‘విశ్వాసులు ఇన్నాళ్లు ఏడవకూడదు’ అంటున్నారు. ఒకరైతే నా విశ్వాసం చాలలేదేమో అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి చర్చికి రావడం మానేశాడు. మా వారు కోయిర్‌లో పాడేవారు. ఆయన పాడిన కీర్తన ఎత్తుకోగానే నేను బయటికి వచ్చేస్తున్నాను. ప్రార్థనకు కూర్చుంటే మాట రావడం లేదు. రాత్రి మూడు గంటలకు మించి నిద్ర లేదు. మా అత్తగారు మాతోనే ఉంటారు. ఆమె ఒక గదిలో, నేను ఒక గదిలో ఏడుస్తున్నాం. నవంబరు 2న సమాధుల పండుగకు వెళ్లాలో లేదో, క్రిస్మస్‌కు ఇంటికి నక్షత్రం కట్టాలో వద్దో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను ఆపింది అత్తగారి గురించి మీరు రాసిన ఒక్క వాక్యం. దాని దగ్గరికి వస్తాను. అంతకు ముందు, మీ మీద మోపిన ఆ నింద సంగతి చూడాలి, ఎందుకంటే అది గుండెలో ఉన్నంతకాలం ఏ ఆదరణ మాటా లోపలికి దిగదు.

మీ విశ్వాసం చాలక ఆయన చనిపోయారన్న మాట నిజమైతే, గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థనకు ఏమని అర్థం చెప్పాలి? ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తన యొద్దనుండి తొలగించమని ఆయన తండ్రిని వేడుకున్నాడు, గిన్నె తొలగలేదు. ఆయన విశ్వాసం చాలలేదని ఏ బోధకుడూ అనడు గదా! అడిగినది దొరకకపోవడానికి అడిగినవారి లోపమే కారణమన్న లెక్క సువార్తలో లేదు. అది మనుషులు తమ భయాన్ని అణచుకోవడానికి వేసుకున్న లెక్క. ‘ఆమెకు విశ్వాసం తక్కువ కనుక అలా జరిగింది, నాకు ఉంది కనుక నా ఇంట్లో జరగదు’ అనుకుంటే వాళ్లకు రాత్రి నిద్ర పడుతుంది, మీకు పోతుంది. ఇకపై ఎవరైనా ఆ మాట ఎత్తితే వాదించకండి. ‘ఆ సంగతి నాతో మాట్లాడవద్దు’ అని చెప్పి లేచి రండి, అది అమర్యాద కాదు. మీ పాస్టరుగారితో మాత్రం నేరుగా చెప్పండి, ఎందుకంటే సంఘంలో ఆ మాట ఆపవలసిన బాధ్యత ఆయనదే.

ఏడవకూడదనేవారు తెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని నాలుగో అధ్యాయాన్ని చూపుతుంటారు. ఆ వచనాన్ని నెమ్మదిగా చదవండి. అక్కడ ఉన్నది ‘నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము’ అని. దుఃఖపడవద్దని పౌలు అనలేదు, నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దన్నాడు. చనిపోయిన లాజరును కాసేపట్లో తానే లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఆ సమాధికి వెళ్లేముందు కన్నీళ్లు విడిచాడు. మళ్లీ చూస్తామన్న నిరీక్షణ ఇప్పుడు కనబడడం లేదన్న బాధను చెరిపేయదు. రెండూ ఒకే గుండెలో ఉంటాయి. మన పల్లెల్లో చనిపోయినవారి గుణాలు ఒక్కొక్కటీ ఎత్తి తలచుకుంటూ ఆడవాళ్లు శోకాలు పెట్టేవారు. మన సంఘాలలో చాలాచోట్ల దాన్ని మాన్పించి పాటలు పాడడం నేర్పారు. పాటలు మంచివే గాని, తలచుకుని ఏడ్చే చోటు కూడా దానితో పాటే పోయిందని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు అత్తగారి సంగతి. రూతు గ్రంథం మొదటి అధ్యాయాన్ని ఈ వారంలో ఒకసారి చదవండి, సాధ్యమైతే ఆమెతో కలిసి. మీకు తెలిసిన కథే: అత్త నయోమి, కోడలు రూతు, ఇద్దరూ భర్తలను పోగొట్టుకున్నవారు, నయోమి అయితే ఇద్దరు కొడుకులను కూడా. బేత్లెహేముకు తిరిగివచ్చినప్పుడు ఊరి స్త్రీలు పలకరిస్తే, ఆమె తనను నయోమి అనక మారా అనమంది. నయోమి అంటే మాధుర్యం, మారా అంటే చేదు. సర్వశక్తుడే తనను ఇంత దుఃఖపెట్టాడని, నిండుగా వెళ్లిన తనను వట్టి చేతులతో తిరిగి రప్పించాడని ఆమె బాహాటంగా చెప్పింది. గమనించండి, ఆ మాట అంటున్నప్పుడు పక్కనే రూతు నిలబడి ఉంది. ‘నేనున్నాను గదా, వట్టి చేతులంటావేమి’ అని కోడలు నొచ్చుకోలేదు. దేవుణ్ణి అంత మాట అనకూడదని ఒక వాక్యం కూడా ఎత్తలేదు. మరునాటి తిండి కోసం పొలానికి వెళ్లి యవల పరిగె ఏరుకుని వచ్చింది.

మీ ఇంట్లో జరగవలసింది అదేనని నా నమ్మకం. మిమ్మల్ని చూస్తే తన దుఃఖం మీకు భారమవుతుందని ఆమె, ఆమెను చూస్తే తల్లి ప్రాణం తట్టుకోలేదని మీరు, ఒకరినొకరు కాపాడుకుంటూ ఇద్దరూ ఒంటరివారయ్యారు. ఒక సాయంత్రం ఆమె గదిలోకి టీ తీసుకువెళ్లి, ‘అత్తయ్యా, ఆయన చిన్నప్పుడు ఎలా ఉండేవారు?’ అని అడిగి కూర్చోండి. ఆ సంవత్సరాలు మీకు తెలియవు, ఆమె దగ్గర మాత్రమే ఉన్నాయి. ఏడుపు వస్తే ఇద్దరూ ఏడవండి. పరిశుద్ధాత్మకు మన బైబిలులో ఉన్న పేరు ఆదరణకర్త. ఆ ఆదరణ చాలాసార్లు ఇలా పక్కన కూర్చున్న మనిషి రూపంలోనే వస్తుందని, ఇన్నేళ్లుగా దుఃఖంలో ఉన్న కుటుంబాలతో మాట్లాడుతూ నేను తెలుసుకున్నాను.

ప్రార్థనలో మాట రాకపోతే సొంత మాటలు వెతుక్కోకండి. పదమూడో కీర్తన ‘యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?’ అన్న నిలదీతతోనే మొదలవుతుంది, ఆరే వచనాలు. దాన్నే బిగ్గరగా చదవండి. చర్చిలో ఆయన కీర్తన వచ్చినప్పుడు చివరి వరుసలో కూర్చుని నోరు మెదపకుండా ఉండండి, ఆ పూట మీ వంతు కూడా మిగిలినవారు పాడతారు.

నిద్ర సంగతిని మాత్రం ప్రార్థనకు వదిలేయవద్దు. ఎనిమిది నెలలుగా రాత్రికి మూడు గంటల నిద్ర అంటే వైద్యుణ్ణి చూడవలసిందే. దుఃఖం వ్యాధి కాదు. అయితే అది ఆరు నెలలు దాటినా తీవ్రత తగ్గకుండా రోజువారీ జీవితాన్ని స్తంభింపజేస్తుంటే, దాన్ని ఒక రుగ్మతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ గుర్తిస్తోంది. మీది ఆ స్థితో కాదో వైద్యులు చూసి చెప్పాలి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెబితే నవ్వే అలవాటు మన నగరానికి ఉంది, దాన్ని లెక్కచేయకండి. బతకాలనిపించని ఆలోచన ఎప్పుడైనా వస్తే, ఆ క్షణమే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవ, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

అబ్బాయిని చర్చికి రమ్మని బలవంతం చేయకండి. వాడు దేవుని మీద కన్నా, తల్లిని అంతమాట అన్న మనుషుల మీద కోపంగా ఉన్నాడేమో. అదీ ఒక రకం ప్రేమే. ‘అంతమంది ప్రార్థిస్తే నాన్న ఎందుకు పోయాడు?’ అని అడిగితే, ‘నాకూ తెలియదురా’ అని చెప్పండి. అది అబద్ధం కాదు గనుక వాడు నమ్ముతాడు.

సమాధుల పండుగ విషయంలో సంఘానికో పద్ధతి ఉంది. కతోలికులు నవంబరు 2ను ఆచరిస్తారు, ప్రొటెస్టెంటు సంఘాలలో కొన్ని ఆచరిస్తాయి, కొన్ని వద్దంటాయి. సమాధికి సున్నం వేసి, పూలుంచి, కొవ్వొత్తి వెలిగించడం చనిపోయినవారిని పూజించడం కాదు. మగ్దలేనే మరియ ఏడుస్తూ నిలబడింది యేసు సమాధి దగ్గరే, తిరిగి లేచిన యేసు ఆమెను పేరుపెట్టి పిలిచిందీ అక్కడే. ముగ్గురూ వెళ్లండి. ఆ రోజు జనం ఎక్కువగా ఉంటారు కాబట్టి పొద్దున్నే బయలుదేరండి, అత్తగారి కోసం ఒక మడత కుర్చీ పట్టుకెళ్లండి. నక్షత్రం సంగతి అబ్బాయిని అడగండి. ఏటా వాళ్ల నాన్నతో పాటు నిచ్చెన పట్టుకున్నది వాడే అయితే, ఈసారి కట్టాలో వద్దో వాడే చెబుతాడు.