పెట్టె మార్చేముందు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాసేది.

నిన్న చెల్లాయి ఫోన్ చేసి, నాలుగు రొయ్యల చెరువుల మీదా, నీళ్ళలో ఆక్సిజన్ చూసి ఏరేటర్లని (నీళ్ళలో గాలి కలిపే చక్రాలని) నడిపే పాత కంట్రోలర్లు తీసేసి కొత్తవి పెట్టిస్తున్నావని చెప్పింది. పాత ప్రోబులు (నీళ్ళలో ముంచి కొలిచేవి), పాత వైర్లు, పాత స్టార్టర్లు అన్నీ దీనికి పడతాయని అమ్మినవాళ్ళు చెప్పారట. పెట్టొద్దనడానికి రాయడం లేదు. ఆ పాత బోర్డుల్ని నేనే బిగించాను, వాటి వయసు నాకు తెలుసు. ఉప్పుగాలికి టెర్మినళ్ళకి చిలుము పట్టింది, స్క్రీను సగం కనపడదు. మార్చాల్సిందే. కానీ ఆ "పడతాయి" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగు. ప్లగ్గు పట్టడం వేరు, పాతది చెప్పేది కొత్తదానికి అర్థమవడం వేరు. ఆ తేడా నేను ఒక్క రాత్రిలో నేర్చుకున్నాను. నీకు ఆ సంగతి పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆకివీడు దగ్గర ఒక రైతు చెరువుకి కొత్త బోర్డు పెట్టాను. రొయ్య అప్పటికి ఎనభై రోజులది. సాయంత్రం నాలుగింటికి పని అయింది. ప్యానెల్ మీద మాన్యువల్ స్విచ్ తిప్పితే ఏరేటర్లు తిరిగాయి. ఆటోలో పెట్టినా తిరుగుతూనే ఉన్నాయి. పనిచేస్తోందని ఇంటికి వచ్చేశాను. తెల్లారగట్ల నాలుగున్నరకి కాపలా మనిషి ఫోన్: "బాబూ, రొయ్య గట్టుకొచ్చేసిందండి." వెళ్ళేసరికి చెరువంతా నిశ్శబ్దం. నీళ్ళ అంచు వెంట టార్చి వేస్తే వేలకి వేలు కళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయి. ఏరేటర్ ఒక్కటీ తిరగట్లేదు. స్క్రీన్ మీద డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, 1.8, దాని పక్కనే "ఏరేటర్లు: ఆన్" అని రాసి ఉంది. స్విచ్ మాన్యువల్‌కి తిప్పగానే అన్నీ లేచాయి. అయినా ఆ పూట చచ్చిన రొయ్యని తట్టలతో ఎత్తి పోశాం.

జరిగింది ఇది. రిలే అంటే బోర్డు మాట విని కరెంటు కలిపే, తీసే చిన్న స్విచ్. పాత బోర్డు రిలేకి సున్నా వోల్టులిస్తే ఆన్ అయ్యే రకం. కొత్త బోర్డు వోల్టేజీ ఇస్తే ఆన్ అనుకునే రకం. రిలే కార్డు పాతదే ఉంచాను, పిన్నులు చక్కగా పట్టాయి. అందుకే కొత్త బోర్డు ఆన్ అన్నప్పుడల్లా ఏరేటర్లు ఆగాయి, ఆఫ్ అన్నప్పుడు తిరిగాయి. ముందు సాయంత్రం నేను చూసి సంతోషపడింది ఆపాల్సిన టైములో తిరుగుతున్న ఏరేటర్లని. మాన్యువల్ స్విచ్ బోర్డుని దాటేసి నేరుగా మోటారుకి కరెంటు కలిపే కాంటాక్టర్‌కి వెళ్తుంది కాబట్టి దాన్ని తిప్పి చూసింది పరీక్షే కాదు. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సంగతి నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

కాబట్టి నువ్వు ముందు చూడాల్సింది ఇదే. కంట్రోలర్ పెట్టాక సెట్ పాయింటుని (డీవో ఎంతకి తగ్గితే ఏరేటర్లు లేవాలో ఆ అంకెని) 12కి పెంచు. చెరువులో డీవో మామూలుగా అంతకంటే తక్కువే కాబట్టి ఆటోలో ఏరేటర్లు లేవాలి. తర్వాత 1కి దించు, ఆగాలి. ఈ రెండూ ఎదురుగా నిలబడి చూడు, స్క్రీన్ మీద కాదు, నీళ్ళలో. మూడోది ఇంకా ముఖ్యం: కంట్రోలర్ కరెంటు పీకెయ్. అది చచ్చిపోయినప్పుడు ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. అంటే రిలేలో కరెంటు లేనప్పుడు కలిసి ఉండే వైపు, ఎన్‌సీ వైపు వైరు పెట్టాలి. బోర్డు పాడైతే రాత్రంతా కరెంటు దండగ అవుతుంది, అంతే. దండగైన కరెంటు బిల్లు నేను కడతాను, రొయ్యని నేను తెచ్చివ్వలేను. ఇంకోటి, కొత్త బోర్డులు ఎక్కువగా 3.3 వోల్టుల మీద నడుస్తాయి. పాత 5 వోల్టుల రిలే కార్డుని దానికి నేరుగా తగిలిస్తే ఒక్కోసారి రిలే పూర్తిగా ఆఫ్ అవదు, లోపలి లైటు సన్నగా వెలుగుతూనే ఉంటుంది. మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ కార్డు పెట్టించు, లేదా 3.3కి పనిచేసే రిలే కార్డే కొను. పెద్ద ఖర్చు కాదు.

ఇక అంకెల సంగతి. చూడ్డానికి అంతా బాగానే ఉన్నట్టుంటుంది కాబట్టి నాకు దీనిమీదే భయం ఎక్కువ.

పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం) కొలిచే ప్రోబు బీఎన్‌సీ కనెక్టర్‌ది, చాలా బోర్డులకి పడుతుంది. ప్రోబు ఇచ్చేది మారదు: 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్‌కి 59 మిల్లీవోల్టుల చొప్పున. మారేది చదివే పద్ధతి. మన పాత బోర్డు 5 వోల్టులని 1024 మెట్లుగా చదివేది, కొత్తవి చాలావరకు 3.3 వోల్టులని 4096 మెట్లుగా చదువుతాయి. అదే రెండున్నర వోల్టులు పాతదానిలో 512, కొత్తదానిలో 3100. అందుకని పాత నోటుబుక్కులో నువ్వు రాసుకున్న క్యాలిబ్రేషన్ అంకెలు ఎత్తి కొత్తదానిలో కొట్టకు. పాత పీహెచ్ కార్డు నుంచి 5 వోల్టుల దాకా వచ్చే తీగని 3.3 వోల్టుల పిన్నుకి నేరుగా తగిలిస్తే పిన్నే కాలిపోవచ్చు. రెండు రెసిస్టర్లతో దించి ఇవ్వాలి. ఆ తర్వాత 7, 10 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) కొత్తగా సరిచెయ్యి, మన చెరువు పీహెచ్ ఎలాగూ ఆ మధ్యలోనే ఉంటుంది. వైరు చాల్లేదని మామూలు వైరు కలిపి టేపు చుట్టకు. ఆ గాజు ప్రోబు ఇచ్చేది అతి సన్నని సిగ్నల్, అతుకులో చెమ్మ చేరిందంటే రీడింగు పోయినట్టే. కంట్రోలర్‌నే గట్టుకి దగ్గరగా జరుపు.

డీవోలో ఇంకో మెలిక ఉంది. ప్రోబు కొలిచేది నిజానికి ఆక్సిజన్ ఒత్తిడిని. లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు అన్నది కంట్రోలర్ లెక్కగట్టి చెప్పే మాట. ఆ లెక్కకి వేడి కావాలి, ఉప్పు కావాలి. ముప్పై డిగ్రీల దగ్గర మంచినీళ్ళు పూర్తిగా పట్టగలిగేది దగ్గర దగ్గర 7.5, సముద్రపు నీళ్ళయితే 6.2 మాత్రమే. మీ చెరువులకి నీళ్ళు ఉప్పుటేరు నుంచి కదా. ఎండాకాలం పోటుతో ఉప్పు పైకొస్తుంది, వానల్లో కొల్లేరు నీళ్ళు దిగి చప్పబడతాయి. పాత బోర్డులో మీ నాన్న నెలనెలా ఉప్పు కొలిచి మార్చేవాడు, గుర్తుందా? కొత్త పెట్టెలో ఆ గడి సున్నాతో వస్తే, ఉప్పు వెయ్యికి 15 వంతులున్న చెరువులో నిజంగా 3.7 ఉన్నప్పుడు స్క్రీన్ 4 అని చెబుతుంది. నాలుగు ఉంది కదా అని నువ్వు నిద్రపోతావు. ఆ సెట్టింగ్ ఎక్కడుందో అమ్మినవాణ్ణి అడిగి, వాడి ఎదురుగానే మార్చి చూడు. అసలు లేదంటే ఆ కంట్రోలర్ మన ప్రాంతానికి కాదు.

టెంపరేచర్ సెన్సర్ల గురించి బెంగపడకు. ఆ చిన్న స్టీలు గొట్టంవి 3 వోల్టులైనా 5 వోల్టులైనా పనిచేస్తాయి. ప్రతిదానికీ లోపల ఒక సొంత నంబరు ఉంటుంది, ఏ నంబరు ఏ చెరువుదో ఎక్కించుకుంటే చాలు.

కొత్త డీవో ప్రోబులు డిజిటల్‌వి తీసుకుంటే ఆర్‌ఎస్-485 అనే జంట తీగ మీద మాట్లాడతాయి. చాలావాటికి ఫ్యాక్టరీలోనే అడ్రసు 1 అని పెట్టి పంపుతారు. నాలుగూ ఒకే తీగ మీద వేస్తే నాలుగూ ఒకేసారి అరుస్తాయి, ఒక్కటీ వినపడదు. ఒక్కొక్కదాన్నీ విడిగా తగిలించి అడ్రసు మార్చి, ఆ అంకెని ప్రోబు మీదే పెయింటుతో రాయి. ఏ, బీ తీగలు ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా గుర్తులేస్తుంది. రీడింగు రాకపోతే ప్రోబు పోయిందనుకోకుండా ముందు ఆ రెండూ తారుమారు చేసి చూడు.

ఇక స్టార్టర్లు. కాంటాక్టర్ కాయిల్ మీద 230 అని ఉందా 415 అని ఉందా చదువు, దానికి ఇవ్వాల్సిన వోల్టేజీ అదే. మీ మూడో చెరువులోవి 415వి, మిగతావి నాకు గుర్తులేదు. అలాగే మన పాత ప్యానెల్లో ఏరేటర్లు ఒకదాని తర్వాత ఒకటి లేవడం చూశావుగా? అది ఊరికే పెట్టింది కాదు. రెండు హార్స్‌పవర్ మోటారు తిరిగేటప్పుడు మూడున్నర ఆంపియర్లు తీసుకుంటే, లేచేటప్పుడు దానికి ఆరింతలు లాగుతుంది. ఎనిమిదీ ఒక్కసారి లేస్తే జనరేటర్ కూర్చుంటుంది. కొత్తదానిలో ఒక్కోదానికి పది సెకన్ల ఎడం పెట్టు. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఆ ఎడం ఉంటుందో లేదో మెయిన్ దించి చూడు. కొత్త కంట్రోలర్ ఫేజులు కూడా చూసుకుంటుందట అని, ఒక ఫేజు పోతే మోటారుని ఆపే పాత ప్రివెంటర్‌ని తీసేయకు. మోటారుని కాపాడేది కంట్రోలర్‌కి బయటే ఉండాలని నా పట్టుదల.

ఫోన్ సిమ్ము విషయం చిన్నదే. పాత పెట్టెలో ఉన్నది 2జీ మాడ్యూల్. జియోకి 2జీ లేదు కాబట్టి అందులో ఆ సిమ్ము పనిచేయదు. కొత్తదానిలో 4జీ ఉంటే పాత గొడవ లేదు. వైఫై పెట్టుకుంటే మకాంలో రూటర్ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉండేలా చూడు.

ఎప్పుడు మార్చాలన్నది నువ్వు అడగలేదు గానీ నేను చెబుతాను. పట్టుబడి అయి చెరువు ఎండగట్టినప్పుడు మార్చు. ఈ పంటలోనే తప్పదంటే, సీడ్ వేసిన మొదటి నెలలో, రొయ్య బరువు తక్కువగా ఉన్నప్పుడు. ఏ రోజైనా ఉదయం పదింటికి మొదలుపెట్టు. అక్కణ్ణుంచి సాయంత్రం దాకా డీవో పెరిగే వేళ, తప్పు జరిగినా దిద్దుకునే టైము ఉంటుంది. నేను సాయంత్రం నాలుగింటికి ముగించి వచ్చేశాను.

నాలుగు చెరువులూ ఒక్కసారి మార్చకు. ఒక్కదానికి పెట్టి, దాని పాత కంట్రోలర్‌ని కూడా పక్కనే కరెంటులో ఉంచు. రిలేలు కొత్తదానికి, చూపు రెంటికీ. పది రోజులు తెల్లారగట్ల రెండు స్క్రీన్ల అంకెలూ, చేతి మీటరు అంకె కూడా ఒక పుస్తకంలో రాయించు. కాపలా మనిషికి చెప్పు, రాస్తాడు, నెలకి కాస్త ఎక్కువ ఇవ్వు. మూడూ కలిసి నడుస్తున్నాయంటే అప్పుడు రెండో చెరువుకి వెళ్ళు. వైర్లు విప్పేముందు ప్రతి టెర్మినల్‌కీ ఫోన్‌తో ఫొటో తీసి, వైర్లకి నంబర్ల తొడుగులు వేయించు. మధ్యలో ఊడదీసే కనెక్టర్ పెట్టిస్తే, ఏ రాత్రయినా కొత్తది మొరాయిస్తే పాతది అయిదు నిమిషాల్లో తగిలించుకోవచ్చు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వస్తాను. పాత బోర్డులు ఇనుప సామాన్ల వాడికి ఇచ్చేయకు, నాలుగూ మకాంలోనే ఉంచు. మల్టీమీటర్‌లో సెల్ కొత్తది వెయ్యి. బఫర్ సీసాల మీద తేదీ చూసుకో, దాటిపోతే భీమవరంలో నేనే తెస్తాను, ఫోన్ చెయ్యి.

ఇట్లు
మీ మావయ్య