మెడనొప్పికి సైకిలు మానేయనక్కరలేదు, ముందు హ్యాండిల్ ఎక్కడుందో చూడండి

మీరు ఎనిమిది నెలలుగా హైబ్రిడ్ సైకిలుపై (రోడ్డు సైకిలుకూ కొండ సైకిలుకూ మధ్య రకం) రోజూ ఆఫీసుకు రానూపోనూ 18 కిలోమీటర్లు, ఆదివారాల్లో 50 కిలోమీటర్ల వరకు తొక్కుతున్నానని, నెల రోజులుగా మెడ వెనక, కుడి భుజం పైన పట్టేసినట్టు ఉంటోందని, బామ్ రాస్తే రాత్రికి తగ్గి మర్నాడు సైకిలెక్కగానే మళ్లీ మొదలవుతోందని రాశారు. ఇంట్లోవాళ్లు మానేయమంటున్నారు, మానేయాలా అని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. ఇదే నొప్పితో అయిదు నెలలు బాధపడి, అందులో నాలుగు నెలలు తప్పుడు చికిత్సలతో గడిపినవాణ్ణి కాబట్టి ఆ అనుభవం మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది విశాఖపట్నం. ఆదివారం తెల్లవారుజామున ఆర్కే బీచ్ దగ్గర బయలుదేరి, కైలాసగిరి కింద నుంచి రుషికొండ, మంగమారిపేట మీదుగా భీమిలి వెళ్లి, అక్కడ టీ తాగి వెనక్కి రావడం మా బృందానికి అలవాటు. వెళ్లేటప్పుడు నాకు ఏ నొప్పీ ఉండేది కాదు. తిరుగు ప్రయాణంలో రుషికొండ దగ్గరకు వచ్చేసరికి మెడ వెనక ఎవరో గుప్పిటతో పట్టుకున్నట్టు బిగుసుకుపోయేది. అలసట వల్ల అనుకున్నాను. అలసటే అయితే కాళ్లకు రావాలి కదా, మెడకెందుకు వస్తోందని ఆలోచించడానికి నాకు చాలా వారాలు పట్టింది. వేసవిలో మాకు నైరుతి గాలి ఎక్కువ కాబట్టి, భీమిలి నుంచి వచ్చేటప్పుడు అది సరిగ్గా మొహానికి కొడుతుంది. ఆ గాలిని తప్పించుకోవడానికి నడుము వంచి, నా సైకిలుకున్న వంపు హ్యాండిల్ కింది భాగం పట్టుకుని, రోడ్డు కనిపించడానికి తల పైకెత్తి గంటసేపు తొక్కేవాణ్ణి. అంటే నా మెడకు నొప్పి తెచ్చింది కిలోమీటర్లు కాదు, ఆ భంగిమ.

పెద్దవాళ్ల తల సుమారు 5 కిలోల బరువుంటుంది. నిటారుగా కూర్చున్నప్పుడు దాన్ని వెన్నుపూసలే మోస్తాయి. ముందుకు వంగి తల ఎత్తి పట్టుకున్నప్పుడు ఆ బరువంతా మెడ వెనక కండరాలపై, మెడ నుంచి భుజపు రెక్కలకు దిగే కండరాలపై వేలాడుతుంది. హ్యాండిల్ ఎంత దూరంగా, ఎంత కిందుగా ఉంటే అంతగా వంగుతాము, అంతగా తల ఎత్తుతాము. దానికి తోడు మోచేతులు కర్రల్లా బిగించి పెడితే రోడ్డు మీది ప్రతి గతుకూ నేరుగా భుజాల్లోకి వస్తుంది. అందువల్ల మెడకు బామ్ రాయడమంటే ఇంటి పైకప్పు కారుతుంటే నేల తుడవడమే. నేను నాలుగు నెలలు నేలే తుడిచాను.

ఆ నాలుగు నెలల్లో చేసిన పొరపాట్లలో ఒకటి మీరు కూడా చేసే అవకాశం ఉంది కాబట్టి వివరంగా చెప్తాను. నాకు సైకిలు అమ్మిన దుకాణంలో నా కొలతకు సరిపడే ఫ్రేమ్ లేకపోవడంతో, కొంచెం పెద్దదైనా అలవాటైపోతుందని చెప్పి 56 సైజు అంటగట్టారు. నా ఎత్తు 170 సెంటీమీటర్లు. నాకు అది దాదాపు రెండు సైజులు ఎక్కువ. హ్యాండిల్ దూరంగా ఉందని గ్రహించగానే నేను సీటును పట్టాలపై బాగా ముందుకు జరిపాను. అది చూడటానికి సులువైన పరిష్కారంలా ఉంటుంది, కానీ సీటు ముందుకు జరిగితే శరీరం బరువు పిరుదుల మీద నుంచి చేతుల మీదకు వస్తుంది. పది రోజుల్లో భుజాల నొప్పి పెరిగింది, మోకాలి చిప్ప ముందు కొత్త నొప్పి తోడైంది. సీటు స్థానం కాళ్ల కోసం, హ్యాండిల్ స్థానం చేతుల కోసం. ఒకదాని లోపాన్ని రెండోదానితో సరిచేయకూడదని అప్పుడు తెలిసింది.

అసలు గుణం కనిపించింది స్టెమ్ మార్చాక. హ్యాండిల్‌ను, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్‌కు కలిపే ఆ చిన్న ముక్క నా సైకిలుకు 110 మిల్లీమీటర్లు ఉండేది, దాని బదులు 90 మిల్లీమీటర్లది వేయించాను. అది 6 డిగ్రీల వాలుతో ఉంటుంది కాబట్టి కిందికి వాలినట్టున్న దాన్ని తిరగేసి పైకి లేచేలా బిగిస్తే హ్యాండిల్ మరో 18 మిల్లీమీటర్ల దాకా పైకి వస్తుంది. స్టెమ్ పైన ఉన్న రింగులను దాని కిందికి మార్చడంతో ఇంకో 10 మిల్లీమీటర్లు కలిసొచ్చింది. వినడానికి ఇవి వేలెడు కూడా లేని కొలతలే అయినా, మరుసటి ఆదివారం భీమిలి నుంచి ఎదురుగాలిలో ఇంటి దగ్గరకు వచ్చేసరికి కూడా నేను తల తిప్పి వెనక వచ్చే లారీని చూడగలిగాను. హ్యాండిల్ మొదట్లో కొంచెం చురుగ్గా తిరుగుతున్నట్టు అనిపించింది, వారంలో అలవాటైంది. మీరే చేసుకోదలిస్తే ముందు పై మూత బోల్టును, హ్యాండిల్ వదులుగా కదలకుండా, తిరగడానికి బిగుసుకుపోకుండా సరిచేసి, ఆ తర్వాతే పక్క బోల్టులను స్టెమ్ మీద రాసి ఉన్నంత బిగువుతో బిగించండి. ఆ వరుస తెలియకపోతే మెకానిక్‌కు ఇవ్వండి, ఎందుకంటే రోడ్డు మీద హ్యాండిల్ ఊడితే మెడనొప్పి చిన్న విషయమవుతుంది.

మీది తిన్నని హ్యాండిల్ కాబట్టి మరొక సంగతి చూడాలి. హైబ్రిడ్ సైకిళ్లకు చాలాసార్లు కొండ సైకిళ్లంత వెడల్పైన హ్యాండిల్ వస్తుంది. మీ భుజాల కంటే చేతులు బాగా ఎడంగా పెట్టవలసి వస్తే భుజం పైకండరం పొద్దస్తమానం లాగుతూనే ఉంటుంది. పట్టుపిడులను లోపలికి జరిపి వారం రోజులు తొక్కి చూసి, హాయిగా ఉంటేనే రెండు వైపులా రెండేసి సెంటీమీటర్లు కోయించండి. కోసిన ఇనుము మళ్లీ పెరగదు. తిన్నని హ్యాండిల్‌పై చేతులు పెట్టడానికి ఒకే చోటు ఉంటుంది కాబట్టి చివర్లకు కొమ్ముల్లాంటి బార్ ఎండ్స్ బిగిస్తే చేతుల స్థానం మార్చుకునే వీలుంటుంది.

మీ ప్రశ్నలో నాకు బాగా అనుమానం కలిగించిన మాట ల్యాప్‌టాప్ బ్యాగు. ఒక భుజానికే తగిలించుకుంటానని రాశారు, నొప్పి కూడా ఆ భుజానికే ఉంది. ముందు రేపే వెనక క్యారియర్ పెట్టించి బ్యాగును దాని మీదకు మార్చండి. ఇన్ని కొలతలు చెప్పిన తర్వాత అంటున్నాను గానీ, మీ విషయంలో సగం రోగం అదే అయ్యుండవచ్చు.

సీటు ముక్కు కిందికి వాలి ఉంటే మనం ముందుకు జారుతూ, జారకుండా చేతులతో తోసుకుంటూ ఉంటాము. దాన్ని సమతలంగా పెట్టండి. హెల్మెట్ ముందు చూరు లాంటిది ఉంటే తీసేయండి, దాని కింద నుంచి చూడటానికి తల మరింత ఎత్తవలసి వస్తుంది. ముక్కు మీదకు జారే కళ్లజోడు కూడా అదే పని చేస్తుంది. టైర్లలో గాలి రాయిలా కొట్టించవద్దు. నా బరువు 72 కిలోలు. 25 మిల్లీమీటర్ల టైర్లలో 100 పీఎస్ఐ కొట్టించే అలవాటు మాని, 28 మిల్లీమీటర్ల టైర్లలో 75 దగ్గర ఉంచుతున్నాను, గతుకుల దెబ్బ బాగా తగ్గింది.

తొక్కేటప్పుడు మోచేతులు కొద్దిగా వంచి ఉంచడం, పది నిమిషాలకొకసారి భుజాలు చెవుల దగ్గరకు లేచి ఉన్నాయేమో గమనించి కిందికి దించడం నేర్చుకోండి. నేను ప్రతి సిగ్నల్ దగ్గరా ఆ పని చేస్తాను.

వ్యాయామాల్లో నాకు పనికొచ్చినవి మూడే. గడ్డాన్ని వెనక్కి లాగి 5 సెకన్లు నిలిపి వదలడం పదిసార్లు, గుమ్మానికి రెండు చేతులూ ఆనించి ఛాతీ ముందుకు సాగదీయడం 30 సెకన్లు, మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలిపి ఉంచే ప్లాంక్. నడుము, పొట్ట కండరాలు బలహీనంగా ఉంటే శరీరాన్ని చేతులే మోస్తాయి, అందువల్ల ప్లాంక్‌ను మెడ వ్యాయామంగానే లెక్కించండి. భుజంగాసనం మంచిదే కానీ నొప్పి ఉన్న రోజుల్లో తలను వెనక్కి విరిచేయకండి. రోజుకు ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందు తల ముందుకు చాపి కూర్చుని, సైకిలు మీద గంట గడిపి నెపం సైకిలు మీద వేయడం కూడా న్యాయం కాదు. తెరను కంటి ఎత్తుకు లేపండి.

క్షౌరశాలలో మెడ విరిపించుకోవడం మాత్రం వద్దు. నేను రెండుసార్లు చేయించుకున్నాను, క్షణం హాయిగానే ఉంటుంది. మెడను హఠాత్తుగా తిప్పినప్పుడు అరుదుగానైనా మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని పొర చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదముందని ఫిజియోథెరపిస్టు చెప్పాక మళ్లీ అటు వెళ్లలేదు.

నొప్పి భుజం దాటి చేతిలోకి పాకినా, వేళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తగ్గి వస్తువులు జారిపోతున్నా, నడకలో తూలు వచ్చినా ఈ సర్దుబాట్లేవీ చేస్తూ కూర్చోకుండా ఎముకల వైద్యునికి చూపించండి. చిటికెన, ఉంగరపు వేళ్లు మాత్రమే మొద్దుబారితే అది ఎక్కువగా అరచేతిలో హ్యాండిల్ ఒత్తిడి వల్లే వస్తుంది, అయినా తగ్గకపోతే చూపించవలసిందే. ఛాతీలో బిగింపుతో ఎడమ భుజం నొప్పి వస్తే అది సైకిలు సంగతే కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పది రోజులు ఆదివారపు దూరాన్ని 20 కిలోమీటర్లకు తగ్గించి, ఒకసారికి ఒకటే మార్పు చేయండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది గుణమిచ్చిందో తెలియదు. బ్యాగుతో మొదలుపెట్టి, తర్వాత సీటు వాలు, ఆ తర్వాత హ్యాండిల్ చూసుకోండి. మీ ఎత్తు, సైకిలు ఫ్రేమ్ సైజు, సీటు ముక్కు నుంచి హ్యాండిల్ మధ్యకు ఉన్న దూరం కొలిచి ఇక్కడ రాస్తే, స్టెమ్ ఎంత తగ్గించాలో నా అంచనా చెప్తాను.