శ్రీకాకుళంలో సింబిడియం పూయాలంటే

"గ్యాంగ్‌టక్ నుంచి తెచ్చిన సింబిడియం ఆర్కిడ్ శ్రీకాకుళంలో గుబురుగా పెరుగుతోంది, పూయడం మాత్రం లేదు, ఏ ఎరువు వేయాలి?" అని అడిగారు. ఎరువు పక్కన పెట్టండి. దానికి కావలసింది చల్లని రాత్రులు.

పెద్ద పూల సింబిడియంలు హిమాలయాల్లో, బర్మా కొండల్లో పుట్టిన జాతులను కలిపి తయారుచేసినవి. వానలు వెనకపట్టే రోజుల్లో రాత్రి 10 నుంచి 14 డిగ్రీలకు దిగితే గానీ దుంప అడుగున పూలకంకి పుట్టదు. మనకు అక్టోబరు రాత్రులు 24 డిగ్రీల చుట్టూ ఉంటాయి. ధనుర్మాసంలో చలి వచ్చేసరికి అదను దాటిపోతుంది.

మాది విజయనగరం. మేడ మీద ఏళ్ల తరబడి ఆకులే వేస్తున్న కుండీని ఒక దసరాకు ఎస్.కోట మీదుగా బస్సులో అరకు తీసుకువెళ్లి మా పిన్ని పెరట్లో పెట్టాను. ఘాట్ రోడ్డు మలుపుల్లో అది దొర్లిపోకుండా మోకాళ్లతో అదిమి పట్టుకునే కూర్చున్నాను. డిసెంబరులో పిన్ని ఫోను చేసింది. "అడుగున ఏదో పిలక లేస్తోందిరా." ఆకు పిలక బల్లపరుపుగా ఉండి, కొన విసనకర్రలా విచ్చుకుంటుంది. పూలకంకి గుండ్రంగా ఉంటుంది. వేళ్లతో పట్టుకుని చూడమన్నాను. "గుండ్రంగానే ఉందిరా!" అని ఆవిడ అన్నప్పుడు నాకు కాలు నిలవలేదు. శివరాత్రికి లేత పసుపు పూలు విచ్చాయి, ఒక్కోదాని పెదవి (పువ్వు మధ్యలో ముందుకు వచ్చే రేకు) మీద ముదురెరుపు చుక్కలు. పూలు వాడేదాకా కిందికి తీసుకుపోనివ్వనని పిన్ని పట్టుబట్టింది. ఆవిడ మాటే సరి. వేడి తగిలితే మొగ్గలు పసుపెక్కి రాలిపోతాయి. అక్కడ నెలకు పైగా నిలిచాయి.

కుండీలో మంచుముక్కలు వేయమనే సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. చల్లబడవలసింది రాత్రి గాలి, వేళ్లు కాదు. పూలతో ఉన్న సింబిడియాన్ని తీర ప్రాంతంలో అమ్ముతూ "ఏటా పూస్తుంది" అని నమ్మబలకడం ఇంకా అన్యాయం.

కొండ మీద చుట్టాలు లేకపోతే మన తూర్పు కనుమల్లోనే పుట్టిన సింబిడియం అలోయిఫోలియం పెంచండి. పూలు చిన్నవే, కానీ కంకులు కిందికి వేలాడుతూ అందంగా ఉంటాయి, మన వేడిని తట్టుకుంటాయి. మామిడి కొమ్మలను పట్టుకుని పెరిగే వాండా టెసెల్లేటా అనే ఆర్కిడ్ కూడా మంచిదే. నర్సరీలో పెంచిన మొక్కలే కొనండి. అడవి చెట్ల నుంచి పెరికి తెచ్చినవి ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. మన కొండలు ఇప్పటికే బోసిపోతున్నాయి.

కుండీలో మట్టి వద్దు. ఉద్దానంలో కొబ్బరి డొక్కలకు కొదవ లేదు. ముక్కలు కోసి, నీళ్లు మారుస్తూ కొన్ని రోజులు నానబెట్టి ఉప్పు పోగొట్టి, బొగ్గు ముక్కలతో కలిపి వాడండి. ఆకు ముదురాకుపచ్చగా ఉంటే ఎండ చాలడం లేదని అర్థం. కాస్త పసుపు కలిసిన ఆకుపచ్చకు వచ్చేదాకా ఉదయపు ఎండలోకి జరుపుతూ ఉండండి.