మోకాలి మార్పిడి తర్వాత ఇన్ఫెక్షన్: కొత్త యాంటీబయాటిక్ ట్రయల్‌లో చేరొచ్చా?

మీ నాన్నగారికి మోకాలి మార్పిడి చేసిన చోట చీము పట్టిందనీ, కొత్త యాంటీబయాటిక్ ట్రయల్‌లో చేరతారా అని హాస్పిటల్‌వాళ్లు అడిగారనీ రాశారు. మా అమ్మ విషయంలోనూ ఇదే జరిగింది. మా పెదనాన్న అయితే "మనమేమన్నా ఎలుకలమా?" అని ఎగిరిపడ్డారు.

అంత టెన్షన్ అక్కర్లేదండి. చీము పట్టిన మనిషిని మందు లేని ఉత్తుత్తి బిళ్లలతో సరిపెట్టరు. సాధారణంగా కొందరికి ఇప్పుడు వాడుతున్న మందు, కొందరికి కొత్తది ఇస్తారు. ఎవరికి ఏది అన్నది లాటరీలా కంప్యూటర్ తేలుస్తుంది, డాక్టర్ చేతిలో ఉండదు. ఆపరేషన్ చేసి లోపల కడగాల్సి వస్తే అది ఎటూ తప్పదు.

నేను గట్టిగా అడగమనేది ఒక్కటే: మందు ఆపాక ఎన్నాళ్లు చూస్తారు? లోహపు కీలు మీద బాక్టీరియా జిగురు పొర కట్టుకుని దాక్కుంటుంది. మందు వాడినన్నాళ్లూ వాపు తగ్గి, ఆపిన కొన్ని నెలలకు తిరగబెట్టొచ్చు. బ్రిటన్‌లో చేసిన ఒవివా ట్రయల్‌లో ఎముకలు, కీళ్ల ఇన్ఫెక్షన్ ఉన్న 1054 మంది పెద్దవాళ్లను ఏడాదిపాటు గమనించారు. మొదటి ఆరు వారాలు రక్తనాళంలోకి మందు ఎక్కించినవాళ్లలో 14.6 శాతం మందికి, నోటి మందు ఇచ్చినవాళ్లలో 13.2 శాతం మందికి వైద్యం ఫలించలేదు. అంటే బిళ్లలేమీ వెనకబడలేదు. అదే ఫ్రాన్స్‌లో, కృత్రిమ కీళ్లకు పన్నెండు వారాల బదులు ఆరు వారాలే మందిస్తే చాలదా అని చూస్తే, ఆరు వారాలవాళ్లలో 18.1 శాతం మందికి ఇన్ఫెక్షన్ తగ్గలేదు, పన్నెండు వారాలవాళ్లలో 9.4 శాతమే. కొత్తదన్నా, తక్కువ రోజులన్నా చంకలు గుద్దుకోకండి.

చివరికి మా అమ్మను ట్రయల్‌లోకి తీసుకోలేదు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎక్కువుందని. మామూలు వైద్యమే చేశారు. అసలు చిక్కు ఇంకోచోట వచ్చింది. మోకాలి నుంచి సిరంజితో తీసిన నీరు గంజిలా చిక్కగా ఉంది, అయినా కల్చర్‌లో, అంటే ఏ బాక్టీరియా ఉందో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగలేదు. అంతకుముందే ఎవరో డాక్టర్ ఏ పరీక్షా లేకుండా యాంటీబయాటిక్ రాసిచ్చారు మరి, అది వాడాక బాక్టీరియా పరీక్షకు దొరక్కపోవచ్చు! మీ నాన్నగారికి ఆ నీటి పరీక్ష అయిందో లేదో ముందు కనుక్కోండి.

సంతకం అక్కడికక్కడే పెట్టక్కర్లేదు. తెలుగులో ఉన్న సమాచార పత్రం ఇంటికి తెచ్చుకుని చదవండి. సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబర్ అడిగి ఆన్‌లైన్‌లో చూసుకోండి. ట్రయల్ వల్ల ఏదైనా హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి, పరిహారం కూడా ఇవ్వాలి, కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ మీద కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల్లో ఉంది. మధ్యలో మానేస్తామన్నా ఎవరూ ఆపలేరు. వెళ్లేటప్పుడు షుగర్, కిడ్నీ రిపోర్టులు పట్టుకెళ్లండి, ఎటూ అడుగుతారు.