మీ అమ్మాయి తెలియక అడగడం లేదు

వనపర్తి దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి ఇలా రాశారు: "నేను హమాలీ పని చేస్తాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది పెద్దమ్మాయి ఒక్కతే. బీఎస్సీ చివరి సంవత్సరం. ఇప్పుడు స్పెషల్ బీఈడీ చేసి పిచ్చిపిల్లలకు చదువు చెబుతానంటోంది. మా అన్న కొడుకుని మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) తీసుకెళ్లి వస్తూ ఉంటుంది, అక్కడ పట్టుకుంది ఈ ఆలోచన. మా బామ్మర్ది కొడుకు అమీర్‌పేటలో డేటా సైన్స్ నేర్చుకుంటున్నాడు, ఈమెను కూడా పంపమంటున్నారు. డెబ్బై వేలు అప్పు తేవాలి. రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పండి సార్. స్పెషల్ టీచరంటే రేపు సంబంధాలు వస్తాయా?"

ముందుగా ఒక మాట, కోపం తెచ్చుకోకండి. 'పిచ్చిపిల్లలు' అని రాశారు. ఆ పిల్లల్లో మీ అన్న కొడుకు కూడా ఉన్నాడు. వాడు మీకూ కొడుకు వరసే. ఇంట్లో పెద్దవాళ్లే ఆ మాట అంటే వీధిలో వాళ్లు ఇంకేం అంటారు? మీ అమ్మాయి ముందు ఆ మాట మళ్లీ అనకండి.

ఇక మీ భయం. నా దగ్గరికి ఇలాంటి ప్రశ్నలు తరచూ వస్తాయి. కోర్సుల పేర్లు మారతాయి గానీ అడిగేది ఒకటే: కష్టపడి ఇంతదాకా చదివించాం, చివర్లో తప్పు దారి పడుతుందేమో. అడగడానికి చదువుకున్న మేనమామో బాబాయో లేని ఇంట్లో, నలుగురూ వెళ్లే దారే క్షేమం అనిపిస్తుంది. అది మీ తప్పు కాదు. కానీ నలుగురూ వెళ్తున్నారన్నది ఒక్కటే కారణమైతే, దాని కోసం డెబ్బై వేల అప్పు చేయొద్దు.

అమీర్‌పేటలో నేర్చుకుని స్థిరపడ్డవాళ్లు నాకు చాలామంది తెలుసు. అయినా డేటా సైన్స్ అనే బోర్డు చూస్తే నాకు గుబులే. ఆ పనికి స్టాటిస్టిక్స్ గట్టిగా రావాలి, ప్రోగ్రామింగ్ చేతికి అలవాటు కావాలి. మూడు నాలుగు నెలల్లో సాఫ్ట్‌వేర్ పేర్లు పరిచయమవుతాయి, అంతే. అదే ఉద్యోగానికి ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు అదే చదివినవాళ్లూ వస్తారు. రెండేళ్ల కింద ఒక అబ్బాయి నా ముందు కూర్చుని ఏడ్చాడు. కోచింగ్ సెంటర్ వాళ్లే మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు తయారు చేసి ఇచ్చారు. కంపెనీ వెరిఫికేషన్‌లో దొరికిపోయి, చేరిన రెండో నెలలోనే బయటికి వచ్చాడు. అప్పు అలాగే ఉంది. మీరు ఎవరినైనా అక్కడికి పంపేముందు, పోయిన బ్యాచ్‌లో ఉద్యోగాలు వచ్చిన పదిమంది ఫోన్ నంబర్లు ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే వెనక్కి వచ్చేయండి.

అన్నిటికంటే పెద్ద విషయం, మీ అమ్మాయి ఆ కోర్సు అడగలేదు. అడిగింది వేరే. అదీ భవిత కేంద్రంలో కూర్చుని, కళ్లారా చూసి అడిగింది. చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పడానికి నెలలు పడుతుందని ఆమెకు తెలుసు. పది రూపాయల నోటును గుర్తుపట్టడం, బస్సు నంబరు చదవడం, బాత్రూంకి వెళ్లాలని సైగ చేయడం, ఇవే అక్కడ పాఠాలు. కొన్నిరోజులు పిల్లలు కొరుకుతారు, గీరుతారు. నిన్న వచ్చింది ఇవాళ మరిచిపోతారు. టీచర్‌కి నడుం నొప్పి మామూలే. ఇంత చూశాక కూడా చేస్తానంటున్న పిల్లని నేను ఆపను.

ఇప్పుడు జీతం. తెలంగాణలో 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే, అందులో స్పెషల్ ఎడ్యుకేషన్‌వి 1,016. కానీ ఈ లెక్క చూసి పొంగిపోకండి. వాటిలో 796 ఎస్జీటీలు, అంటే ప్రైమరీ టీచర్ పోస్టులు, అవి డీఈడీ (డిప్లొమా) స్పెషల్ వాళ్లవి. బీఈడీ వాళ్లకు స్కూల్ అసిస్టెంట్ పోస్టులు 220. 33 జిల్లాలకు పంచితే ఒక్కో జిల్లాకు ఏడు కూడా రావు. వస్తే మాత్రం మామూలు స్కూల్ అసిస్టెంట్ స్కేలే, 2020 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం మూలవేతనం 42,300 నుంచి మొదలు. ప్రైమరీలో ప్రత్యేక అవసరాలున్న పదిమంది పిల్లలకు, ఆ పై తరగతుల్లో అలాంటి పదిహేను మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలన్న నిష్పత్తిని సుప్రీంకోర్టు 2021లో ముందుపెట్టింది. పోస్టులు మంజూరు చేయమని 2025లో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించింది. కాబట్టి పోస్టులు పెరుగుతాయనే నా నమ్మకం. ఎప్పుడన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఆ పోస్టులు వచ్చేలోగా భవిత కేంద్రాల్లో ఐఈఆర్పీ (ఈ పిల్లలకు నేర్పే రిసోర్స్ పర్సన్) ఉద్యోగాలుంటాయి, కాంట్రాక్టువి. రెగ్యులర్ టీచర్ జీతం దరిదాపుల్లో ఉండవు. హైదరాబాద్ ప్రైవేటు స్కూళ్లలోనూ అవకాశాలున్నాయి, కానీ అక్కడ ఇంగ్లిష్ మాట్లాడాలి. ఇంట్లో మొదటిసారి చదువుకున్న పిల్లలు తడబడేది అక్కడే. బీఈడీ చదివినన్నాళ్లూ దాని మీద కష్టపడమనండి. రెండు మూడేళ్లు తక్కువ జీతంతో నెట్టుకురావడానికి ఇల్లు సిద్ధంగా ఉండాలి. అసలు పరీక్ష అదే, అది మీకు.

ఒక్క విషయంలో మాత్రం అస్సలు రాజీపడొద్దు. కోర్సుకు ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి గుర్తింపు ఉండాలి. పాసయ్యాక అక్కడ రిజిస్టర్ చేసుకుని సీఆర్‌ఆర్ (కేంద్ర పునరావాస రిజిస్టర్) నంబర్ తీసుకోవాలి. అది లేకుండా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయడం చట్టవిరుద్ధం. శని ఆదివారాల్లో నేర్పి 'ఆటిజం థెరపిస్ట్' అని సర్టిఫికెట్ ఇచ్చే చోట్లు ఇప్పుడు వీధికొకటి. వాటికి డబ్బు కట్టకండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ముందు అక్కడ ప్రయత్నించమనండి. ఉద్యోగం చేసుకుంటూ చదవాల్సి వస్తే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో స్పెషల్ బీఈడీ ఉంది.

సంబంధాల గురించి అడిగారు. చంటిపిల్లాడి మొండితనాన్ని ఓర్పుతో దారికి తెచ్చే పిల్లని వద్దనుకునే ఇల్లు మీకూ వద్దు. దీని మీద ఇంకేం రాయను.

దరఖాస్తులో స్పెషలైజేషన్ ఒకటి ఎంచుకోవాలి: వినికిడి లోపమా, చూపు లోపమా, మేధో వైకల్యమా, ఇలాంటివి.  అన్న కొడుకుతో పని చేసి అలవాటు పడింది కాబట్టి మూడోదాని వైపు మొగ్గుతుందేమోనని నా ఊహ. కానీ ఇంత పొడుగు ఉత్తరంలో ఆమె మాట ఒక్కటీ లేదు. ఈసారి ఆమెనే రాయమనండి. ఏ పిల్లలతో పనిచేయాలనుకుంటోందో, ఎందుకో.